దుప్పటి రంగు పోయిన ఊళ్లో కళాజాత

కొత్త జిల్లాలు ఏర్పడ్డ మొదటి రోజుల్లో నన్ను భద్రాచలం వైపు పౌరసంబంధాల అధికారిగా వేశారు. హోదా వినడానికి పెద్దదే. చేతికింద ఉన్నది మాత్రం ఒక పాత వ్యాను, రెండు మైకులు, ఒక కళాజాత బృందం. కళాజాత అంటే ఊరూరా తిరిగి పాటతో, నాటికతో ప్రభుత్వం చెప్పదలచుకున్నది జనానికి చేరవేసే పని. జనం విన్నారని ఫొటోలతో సహా పైకి నివేదిక పంపడం నా వంతు.

ఆ మధ్య పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు లేచింది. అడవి అంచు ఊళ్లు బయటి వ్యాపారులను రానివ్వడం మానేశాయి. దుప్పట్లమ్మే రాంఫల్‌ది ఉత్తరప్రదేశ్. మణుగూరులో గది కిరాయికి తీసుకుని ఏళ్ల తరబడి మోపెడ్ మీద ఊళ్లు తిరిగేవాడు. ఒక ఊరి పొలిమేరలో కుర్రాళ్లు అతన్ని ఆపి, మూట విప్పి, దుప్పట్లు బురదలో పారేసి, మళ్లీ కనిపిస్తే కాళ్లు విరగ్గొడతామన్నారు. అతను మా ఆఫీసుకొచ్చి, "మేడం, ఈ ఒక్క సీజన్ చూస్త. ఊళ్లకు రానియ్యకుంటె సామాన్ సర్దుకొని పోవుడే" అన్నాడు.

ఇలాంటి వలస వ్యాపారుల కథలతో నాటిక వేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. రాసింది నేనే. కన్నీళ్లకు లోటు చేయలేదు. రాంఫల్ వేషం మా బృంద నాయకుడు యాదగిరికిచ్చి, మొదటి ప్రదర్శన కావాలనే ఆ ఊళ్లో పెట్టాను. అసలు రాంఫల్‌ను చివర్లో జనం ముందుకు తెద్దామని వ్యానులో కూర్చోబెట్టి, నేను పిలిచేదాకా దిగొద్దని గట్టిగా చెప్పాను.

యాదగిరి భుజాన దుప్పట్లేసుకుని, తల్లిని తలచుకుని భోరుమన్నాడు. జనం ఆవులించారు. ముందు వరసలో ఉన్న ముత్తమ్మ అనే ఆవిడ ఉండబట్టలేక, "ఏందయ్యా గా ఏడుపు? దుప్పట్లమ్మెటోడు ఏడుస్తడా, ఏడిపిస్తడు గని!" అంది. ఊరంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంతలో వ్యాను తలుపు చప్పుడైంది. తన వ్యాపారం పేరు పోతోందనుకున్నాడో ఏమో, రాంఫల్ సరాసరి స్టేజీ ఎక్కి, యాదగిరి భుజం మీది దుప్పటి లాక్కుని దులిపి, "చూడమ్మా, పక్కా రంగు, గ్యారంటీ!" అన్నాడు. అతన్ని పొలిమేరలో ఆపిన కుర్రాళ్లు లేచి నిలబడ్డారు.

వాళ్లకన్నా ముందు ముత్తమ్మ స్టేజీ ఎక్కింది. "గ్యారంటీయా? నిరుడు నువ్విచ్చిన దుప్పటి కప్పుకొని పండుకుంటె, రంగంత అంటుకొని మా ఆయన పొద్దుగాల ఎర్రగ లేచిండు. ఏం రోగమో అని దవాఖానకు ఉరికినం!"

"ముందుగాల ఉప్పునీళ్లల్ల నానబెట్టమని చెప్పిన కదమ్మా?" అన్నాడు రాంఫల్.

"ఎప్పుడు జెప్పినవ్, అబద్ధాలకోరా?"

ఆ మాట తనతో చెప్పాడు కాబోలు, కింద కూర్చున్న ఆవిడ భర్త తల దించుకున్నాడు. వెనక నుంచి ఇంకెవరో అతని దగ్గరే కొన్న దిండు గలీబు సంగతి అందుకున్నారు. నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడు ముత్తమ్మ కొడుకే. వాడు, "అమ్మా, గాడు పిల్లల్ని ఎత్తుకపోయెటోడే!" అని అరిచాడు.

ఆవిడ వాడి వైపు తిరిగింది. "గసుంటోడైతే మీ నాయనను గట్ల ఎర్రగ జేసినంక మల్ల ఈ ఊరి మొకం జూస్తడారా? కూసో!"

వాడు కూర్చున్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు.

నాటిక పూర్తి కానేలేదు. రాంఫల్ ముత్తమ్మకు దుప్పటి మార్చి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అక్కడే బకెట్లో ముంచి చూసుకుని గానీ వదల్లేదు. ప్రజలు చురుగ్గా పాల్గొన్నారని నివేదికలో రాశాను. అబద్ధమేమీ కాదు కదా!

తర్వాత ఏడుపు సీను మొత్తం తీసేసి, రాంఫల్‌నే స్టేజీ ఎక్కించి, ఊరి వాళ్లతో బేరమాడించాం. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. జాలి పుట్టించడానికి నేను పడ్డ తిప్పలు దండగ; తిట్టడానికి కారణమున్న మనిషిని ఊరు అంత తేలిగ్గా వదులుకోదు. రాంఫల్ ఇప్పటికీ మణుగూరులోనే ఉన్నాడు. ఏ ఊరికి బయల్దేరినా, అక్కడ తనను తిట్టేవాళ్లెవరైనా ఉన్నారని తేలాకే మోపెడ్ తీస్తాడు.