సగం ఖాళీ సర్వర్

పటాన్‌చెరులో కంపెనీల వెబ్‌సైట్లు నడిపే రోజుల్లో, నా ఒక్క సర్వర్‌లోకి పట్టినన్ని సైట్లు ఎక్కించేవాడిని. ఎదురు గదిలో అదే పని చేసే మిత్రుడు సైట్లు వేగంగా తెరుచుకునేలా తన సర్వర్‌ను సగం ఖాళీగా ఉంచి, ఆ వేగం కావాలన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకునేవాడు. సైట్లు నాకన్నా తక్కువే, సంపాదన మాత్రం ఎక్కువ. ఫ్యాక్టరీ మేనేజర్ల పాలిష్ బూట్లు అతని గుమ్మం ముందే కనబడేవి. చూస్తే నాకు కడుపు మండేది.

మందుల ఫ్యాక్టరీ నడిపే నా పాత కస్టమర్ ఒకరోజు వచ్చాడు.

"ఏందన్నా, షేర్ ఆటో లెక్క కుక్కినవా? మా సైట్ కదుల్తలేదు. రేపు ఫారిన్ పార్టీ సూస్తరట."

మిత్రుడు తన గుమ్మంలోంచే విని నాతో అన్నాడు, "నా దాంట్ల జాగ ఉందన్నా. ఆ సైట్ రెండు రోజులు పెట్టుకో, పైసలేం వద్దు."

ఆ వేగం చూస్తే కస్టమర్ ఇక తిరిగి రాడని భయపడ్డాను. "అక్కర్లే, నేను సూస్కుంట," అన్నాను.

మర్నాడు సైట్ తెరుచుకోలేదు. ఫారిన్ పార్టీతో బేరం చేజారింది. కస్టమర్ నన్ను తిట్టలేదు, ఎదురు గుమ్మం ముందు బూట్లు విప్పాడు. అప్పుడు కూడా అతని నష్టం కంటే ఆ బూట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.