రసీదు అడిగినందుకు

ఇన్నేళ్లుగా నేను పెట్టుకున్న దరఖాస్తుల్లో ఒక్కదానికీ మండలాఫీసు నుంచి జవాబు రాలేదు. వారం వారం టీవీలో కూర్చుని జనానికి చట్టం విడమరిచి చెప్పే వకీలునే ఇట్లా పక్కన పెడితే, అచ్చంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి సద్ది కట్టుకుని వచ్చేవాళ్లను ఏం చేస్తారో వేరే చెప్పక్కరలేదు. దరఖాస్తు చదవనివాళ్లు పుస్తకమైనా చదువుతారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మొన్న స్టూడియోకు పోతూ జడ్చర్ల చౌరస్తాలో సీతాఫలాల గంప దగ్గర ఆగితే, ఆ మాగిన వాసనకు మా ఇల్లు కళ్లముందు నిలిచింది. వానలు వెనకబట్టి బతుకమ్మ రోజులు దగ్గరపడుతుంటే మా అవ్వ గుట్ట మీద కళ్లు విచ్చిన కాయలు మాత్రమే ఏరి తెంపుకొచ్చి, మూలన గడ్డిలో మాగేసి, పొద్దున్నే ఒక్కొక్కదాన్ని బొటనవేలితో ఒత్తి చూసి, మెత్తబడినదాన్ని ఆ పూట అల్లరి చేయని పిల్లకు ఇచ్చేది కాబట్టి నాకు ఎప్పుడూ ఆఖరుకే దొరికేది. సద్దుల బతుకమ్మ నాడు జొన్నరొట్టెలు తుంచి, బెల్లం కలిపి, చేతులు గుంజేదాకా పిసికి మలీద ముద్దలు కట్టేది. అవి జేబులో కుక్కుకుని మేము చెలకలో కర్రతో చిర్రను ఎగరగొట్టే చిర్రగోనె ఆడేవాళ్లం.

ఆ చెలక మాదే. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ జానెడు జాగా లేదు. సర్కారు పట్టా ఇచ్చిన ఆ రాళ్ల నేలను బాపు, అమ్మ, అవ్వ ఎండాకాలాలన్నీ ఏరి ఏరి, ఆ రాళ్లతోనే చుట్టూ కట్ట పేర్చి, జొన్న, కంది పండించారు. పట్టా కాగితాన్ని అవ్వ గుడ్డలో చుట్టి, వేపాకు వేసి జొన్నల కుండలో దాచేది. దసరాకు గడ్డపార, కొడవళ్లతో పాటు దాన్నీ పీట మీద పెట్టి పసుపు బొట్టు పెట్టేది. మాకు అది కూడా పనిముట్టే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పట్టాలు తనిఖీ చేస్తారని చాటింపు వేశారు. నకలు తీయించి ఇవ్వాలని, అసలుది దగ్గరే పెట్టుకోవాలని, ఇచ్చినదానికి రసీదు తీసుకోవాలని మా బడి సారు నాకు చెప్పి పంపాడు. బాపు ఒప్పుకోలేదు.

"నకలు ఇస్తే ఆఫీసు సారు ఏమనుకుంటడు బిడ్డా? మనం ఆయనను నమ్మనట్టు గాదా? అసలుదే ఇద్దాం."

మండలాఫీసులో బాపు చెప్పులు బయట విడిచి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, గుడిలో కొబ్బరికాయ అందించినట్టు వంగి గుమాస్తాకు అందించాడు. నేను రసీదు అడిగాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "ఏంరా, వకీలువా నువ్వు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దారి పొడుగునా బాపు నన్ను తిట్టాడు, పెద్దమనిషి ముందట గట్లనేనా మాట్లాడేదని.

ఆ నవ్వినవాళ్లలో ఎవరు ఎటు నిలబడ్డారో ఇప్పటికీ చెప్పగలను.

పంట కోతకు వచ్చేసరికి ఆ ఆఫీసులోనే రికార్డుల్లో మా పేరు లేదన్నారు. కాగితం మీకే ఇచ్చానని బాపు చేతులు జోడిస్తే, అదే గుమాస్తా, "నువ్వియ్యలే. తాగి యాడనో పారేసుకున్నవ్" అన్నాడు. మా బాపు కల్లు ముంత ముట్టినవాడు కాదు. కానీ ఊరు ఆఫీసు మాటనే నమ్మింది. చిర్రగోనెలో ఓడిపోయిన ప్రతివాడూ నన్ను తాగుబోతు కొడుకా అన్నాడు. ఆ ఏడు కందులు వేరేవాళ్లు కోసుకున్నారు.

అందుకే వకీలునయ్యాను. ఠాణాలో దెబ్బలు తిన్నవాళ్లకు, తేనె తీసినందుకు కేసులపాలైన అమ్రాబాద్ అడవి జనానికి అండగా కోర్టుల్లో నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పే మాట, అసలు కాగితం నాకు కూడా ఇవ్వొద్దని. టీవీలో ఒక అమ్మాయి విరామంలో, "భాష కొంచెం మార్చండి సార్" అంటే, "మార్చ. సమజ్ గాకుంటే మళ్లొకసారి చెప్త" అన్నాను. నెల రోజులు నన్ను పిలవలేదు. అదీ గుర్తుంది.

తెలంగాణ వచ్చింది. ఆఫీసుకు కొత్త రంగు, కొత్త కంప్యూటర్లు వచ్చాయి. మా చెలకలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి, అవ్వ పేర్చిన కట్ట లేదు, గుట్టను సగం తవ్వేశారు, సీతాఫలం చెట్లు పోయాయి, అవ్వ పోయింది. బాపు పోయిన రోజు, పాడె ఎత్తేముందు మా పెదనాయన అందరూ వినేటట్టే అన్నాడు: "మంచోడే పాపం. గా కాగితం ఒక్కటి పారేసుకోకపోతే."

భూమి కోసం కోర్టులో కొట్లాడుతున్నాను, కొట్లాడతాను. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. ఆ గుమాస్తా పింఛను తీసుకుంటూ పట్నంలో బతికే ఉన్నాడు, ఆయన కూర్చున్న ఆఫీసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ రోజు మా బాపు ఇచ్చిన కాగితం మీరు తీసుకున్నారా, లేదా? అవునో కాదో రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.