కానుక సంచిలో హంగరీ వెండి

కిందటి వారం శుక్రవారం, ఇక్కడ ఒమాన్‌లో మా సలాలా ప్రార్థన కూటంలో నా పరువు ఎలా గంగలో కలిసిందో వినండి!

నేను నర్సుగా చేసే హాస్పిటల్‌లో ఒక హంగరీ డాక్టర్‌గారు ఉన్నారు, ఆయనకి పాత నాణేల పిచ్చి. గురువారం డ్యూటీలో ఒకటి చూపించారు. వాళ్ళ దేశంలో ఏడొందల ఏళ్ళ నాటి వెండి నాణెమట. చిటికెన వేలి గోరంత, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. దాని మీద రెండు అడ్డగీతల సిలువ! ఆ కాలం రాజులు మాటిమాటికీ పాత నాణేలు చెల్లవని లాక్కుని, కొత్తవి తగ్గించి ఇచ్చేవారట.

"సిలువ వేసి మరీ దోచేవాళ్ళా సార్!" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. ఆ ఊపులోనే "మా కూటంలో చూపించి శనివారం ఇచ్చేస్తాను" అని అడిగేశాను.

"మా తాతగారిది సిస్టర్, జాగ్రత్త!" అని చేతిలో పెట్టారు.

నా జాగ్రత్త చూడండి మరి. రుమాలు ఒక మూల అది ముడేశాను, ఇంకో మూల కానుకకి ఇక్కడి చిల్లర యాభై బైసాలు. మా కూటంలో కానుక వేసేటప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాలి, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదని. సంచి వచ్చింది. ముడి విప్పి వేసేశాను. తర్వాత రుమాలు తడిమితే యాభై బైసాలు భద్రంగా ఉన్నాయి!

డాక్టర్‌గారికి ఏ మొహం చూపించను? సంచేమో అప్పటికే సంఘపెద్ద యోహాను అంకుల్ ఒళ్ళోకి చేరిపోయింది. ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నారు. ఇదే అదననుకుని పిల్లిలా వెళ్ళి చెయ్యి దూర్చాను. అన్నీ తగులుతున్నాయి, అది తప్ప! తీరా దొరికేసరికి నా చేతి గాజు సంచి తాడుకి చిక్కుకుంది.

"దొంగ! దొంగ!" అని అంకుల్ ఒక్క కేక!

కళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఎవరో టేప్‌రికార్డర్‌లో పాట కూడా ఆపేశారు. నేను మోచేతి దాకా సంచిలో!

"దొంగని కాదండీ! ఇది హంగరీ రాజుగారి వెండి!" అని లాగి చూపించాను. అంకుల్ కళ్ళజోడు సర్దుకున్నారు. వెనకనుంచి రత్నం సిస్టర్ తొంగి చూసి, "అయ్యో, చొక్కా గుండీ!" అంది.

అంకుల్ మొహం జాలితో కరిగిపోయింది. "తీసుకో తల్లీ, తీసుకో. ఇంత కష్టంలో ఉంటే మాకు చెప్పొద్దూ?"

ఎంత మొత్తుకున్నా ఒక్కరు వింటేగా! నాణెం మాత్రం క్షేమంగా డాక్టర్‌గారికి చేరింది. నిన్న శుక్రవారం కూటంలో ప్రత్యేక ప్రార్థన పెట్టారు: కానుకగా గుండీ వేసి, అది కూడా వెనక్కి తీసుకున్న ఒక పేద సహోదరి కష్టాలు తీరాలని. పేరు చెప్పలేదులెండి. అందరికంటే గట్టిగా 'ఆమేన్' అన్నది నేనే!