రెండో చెంబు పాలు

అలీ సాహెబు కసరత్తులు నేర్పే తాలింఖానాలో ఒక కట్టడి ఉండేది. తొలకరి పడ్డ నాటినుంచి చలి తగ్గేదాకా రాతి గుండు ఎత్తడం, కర్ర సంగడీలు తిప్పడం, దండీలు. మిరప కళ్లాలు ఖాళీ అయి ఊళ్ల మధ్య చెడుగుడు పందేలు మొదలయ్యాయంటే మాత్రం గుండును మూలకు దొర్లించేయాలి. ఇక పరుగు, బస్కీలు, కూత పట్టడం, అంతే. "బరువెత్తే ఒళ్లు బిగుసుకోవాల. కూతకెళ్లే ఒళ్లు సాగాల. రెండూ ఒక్కసారి అడిగావంటే ఏ నరమో తెగి కూర్చుంటుందిరా" అనేవాడు ఉస్తాదు. ఆ మాట అక్షరాలా పాటించిన శిష్యుడు ఆ పాకలో ఒక్కడే. వాడే దూదేకుల హయాత్.

పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు వాళ్లది. చలికాలంలో విల్లు భుజాన వేసుకుని పరుపులకు దూది ఏకేవాడు. మిరప అమ్మకాల రోజుల్లో టిక్కీలు మోసేవాడు. కాళ్లతో తొక్కి కుట్టిన ఆ గోనె మూట వీపున పడితే మామూలు మనిషి నాలుగు కాళ్ల మీద నడవాలి. హయాత్ దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి బండిలో పెట్టేవాడు. ఎండాకాలం సాయంత్రాలు కూతకు వెళితే అవతలి జట్టు వెనక్కి వెనక్కి జరిగేది. ఏ కాలానికి తగ్గ సాధన ఆ కాలంలో చేసినవాడి ఒళ్లు అది. చూడముచ్చటగా ఉండేది.

ఆ ఊరి చెడుగుడు జట్టు అంకయ్యగారిది. జట్టు ఊరిదని పేరేగానీ ఆయన సొత్తే. అరవై ఎకరాల మోతుబరి. పందేల నెలల్లో ఒక్కొక్క ఆటగాడికి రోజూ ఉదయం చెంబెడు పాలు ఆయన ఇంటినుంచే. కోడెలను పందేనికి మేపినట్టే మనుషులనూ మేపేవాడు. ఇందులో దాచాల్సిందేముంది, ఆయనే అరుగుమీద కూర్చుని ఆ మాట అనేవాడు.

ఆ చెంబెడు పాలు హయాత్ ఒక్క చుక్క తాగలేదు. ఇంట్లో కూతురు నజీరా ఉంది. మూడేళ్లు నిండినా నడక రాని పిల్ల. దొడ్డికాళ్లుగా వంగిపోయి, పట్టుకుని నిలబెడితే కూలబడిపోయేది. చీరాలలో డాక్టరమ్మ చూసి, మందులకంటే ముందు పాలు పట్టమంది, ఏడాదిపాటు ఆపొద్దంది. హయాత్ భార్య ఖాదర్‌బీ ఆ మాట విని నవ్విందట. టీనీళ్లలోకే పాలు లేని ఇంట్లో ఏడాది పాలంటే నవ్వక ఏం చేస్తుంది?

పాలేరు దానయ్య చెప్పాడో, ఆయనే కనిపెట్టాడో, ఒకరోజు అంకయ్యగారు అరుగుమీద నుంచి కేకేశాడు.

"ఏరా హయాతూ, చెంబు ఇంటికెందుకు మోస్తున్నావు?"

"ఇంటికెళ్లి తాగుతానండి."

"ఎవరు తాగుతున్నారో నాకు తెలుసులేరా. నేను మేపేది నిన్ను, నీ సంసారాన్ని కాదు. ఇక్కడే తాగు. నా ముందే తాగు."

నజీరా ఆ పూట తండ్రి చంకలోనే ఉంది. హయాత్ చెంబు ఎత్తాడు. పిల్ల ఏడవలేదు. చెంబు ఎటు వంగితే అటు కళ్లు తిప్పింది. అంకయ్యగారు చెంబు అడుగుదాకా చూసి "ఆఁ, అట్టా" అన్నాడు. మనిషి గొంతులో పాలు కూడా ముల్లులాగా దిగుతాయని హయాత్‌కు అప్పుడు తెలిసింది. అంతకంటే సిగ్గుపడ్డ రోజు వాడి బతుకులో లేదు.

మర్నాడు వాడే నోరు విడిచి అడిగాడు. "అయ్యగారూ, నా వాటా నేను తాగుతాను. పిల్లకింకో చెంబు ఇప్పించండి. ఏ పని చెప్పినా చేస్తాను."

అంకయ్యగారు కాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆయన వాకిట్లో తాతలనాటి రాతి గుండు ఒకటి పడి ఉండేది. గుంటూరునుంచి పత్తి వ్యాపారులు వస్తే దాన్ని ఎత్తే మొనగాడు తన ఊళ్లో ఉన్నాడని చూపించుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో సరదా. "రోజూ పొద్దున్నే దాన్ని భుజం దాటించు. ఎత్తిన రోజు రెండో చెంబు నీది. ఎత్తని రోజు లేదు. పందేలున్నా లేకపోయినా, ఏడాది పొడుగునా."

ఏడాది అన్న మాట తప్ప హయాత్‌కు ఇంకేమీ వినపడలేదు.

సంగతి తెలిసి ఉస్తాదు ఇంటికే వచ్చాడు. ముసలాయన గడప దాటకుండా నిలబడి అరిచాడు. "పొద్దున గుండు, పగలు టిక్కీలు, సాయంత్రం కూత! నీదేమన్నా ఇనప నడుమా? ఈ రెండు నెలలు గుండు ముట్టకురా. పందేలైనాక చచ్చేదాకా ఎత్తుకో."

"రెండు నెలలు పాలు ఆగుతాయి ఉస్తాద్."

ఉస్తాదు పిల్ల వైపు చూశాడు. నజీరా గోడ పట్టుకుని, అప్పుడప్పుడే, ఒక కాలు ముందుకు వేస్తోంది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తాలింఖానా కట్టడిలో పిల్లల కాళ్ల సంగతి లేదు మరి.

ఆ ఏడు గడిచింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి నజీరా వీధిలో పరుగెత్తి కింద పడుతోంది, లేచి మళ్లీ పరుగెత్తుతోంది. హయాత్ మాత్రం పొద్దున లేవగానే నడుముకు గుడ్డ బిగించి కట్టుకోనిదే వంగలేకపోయేవాడు. ఖాదర్‌బీ కాళ్లావేళ్లా పడింది. "పిల్ల నడిచింది గదయ్యా, ఇంక మానెయ్యి." డాక్టరమ్మ ఇంకొన్నాళ్లు పట్టమందని వాడు వినలేదు. నిజానికి చెంబు ఖాళీ చేసి మూతి తుడుచుకునే పిల్లను చూడకుండా వాడికి పొద్దు గడిచేది కాదు.

పొన్నూరు జట్టుతో ఆఖరి పందెం రోజు పొద్దున అంకయ్యగారి ఇంటికి చుట్టాలొచ్చారు. గుండు ఒకసారి ఎత్తాడు. ఆలస్యంగా లేచిన బావమరిదిగారు చూడలేదట. మళ్లీ ఎత్తమన్నారు. ఎత్తాడు. సాయంత్రం చివరి కూతకు వెళ్లి ఇద్దరిని తాకి వెనక్కి వస్తుంటే ముగ్గురు కాళ్లు దొరకబుచ్చుకున్నారు. కూత ఆపకుండా ఒళ్లు మెలితిప్పి గీతమీద చెయ్యి వేశాడు. ఆ మెలికలోనే నడుం దగ్గర ఏదో పుటుక్కుమంది. గెలిచామని జనం బరిలోకి దూకారు. గీత మీద చెయ్యి పెట్టినవాడు ఎందుకు లేవడం లేదో చాలాసేపటిదాకా ఎవరికీ పట్టలేదు.

షీల్డును పూలదండ వేసిన బండిలో మేళంతో తెచ్చారు. హయాత్‌ను వెనకాల మంచం మీద మోసుకొచ్చారు. కొన్నాళ్లు అంకయ్యగారింటినుంచి చెంబు వచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది. "బలం చూసుకుని మిడిసిపడ్డాడు, నేను వద్దంటూనే ఉన్నా" అని ఆయన అరుగుమీద అందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది. నమ్మడానికి దానికేం పోయింది! హయాత్ ఎదురు చెప్పలేదు. చెబితే పిల్ల పేరు బయటికొస్తుంది, తండ్రి నడుం విరిచిన పిల్ల అంటారు. ఉస్తాదు చేత, ఖాదర్‌బీ చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు.

పదమూడేళ్లు గడిచాయి. నజీరా మిరప కోతల్లో అందరికంటే ముందు సాలు ముగించే పిల్ల అయింది. నిండు గంప నెత్తిన పెట్టుకుని గట్టుమీద చకచకా నడిచేది. ఆ నడక చూడటానికే హయాత్ సాయంత్రాలు వాకిట్లో మంచం వేయించుకునేవాడు.

ఒకరోజు లేవబోయి మంచం పక్కన కూలబడ్డాడు. అప్పుడే పనినుంచి వచ్చిన నజీరా గంప దించి, తండ్రి చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపి మంచం మీద కూర్చోబెట్టింది. హయాత్ కళ్లు మెరిశాయి.

"ఎంత బలమే నీకు!"

"ఉంటే ఏం? నీలాగా నలుగురు మెచ్చుకోవాలని రాళ్లెత్తి పాడుచేసుకోనులే" అంది నజీరా విసుగ్గా. పొద్దుటినుంచి ఎండలో వంగి వంగి దాని ఒళ్లు పులిసి ఉంది. "అమ్మ ఇన్నేళ్లు ఒక్కతే చాకిరీ చేసి చస్తోంది. నన్ను బళ్లోకి పంపడానికి లేకపోయింది. ఎవరు ఎత్తమన్నారు నాయనా నిన్ను ఆ గుండు?"

పొయ్యి దగ్గర ఖాదర్‌బీ చప్పున లేచి నిలబడింది. నోరు తెరిచింది. హయాత్ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ ఎత్తమనలేదమ్మా" అన్నాడు.