మాటల్లేని తాళంచెవి

ధర్మా లెక్క ప్రకారం ఏ బండికైనా వచ్చే రోగం ఒక్కటే. మాటల్లేకపోవడం.

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో నా స్పేర్ పార్ట్స్ దుకాణం పక్కనే ఉండేది ఆయన ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. ఆగిపోయిన బండి వస్తే చాలు, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా వైర్లన్నిటినీ ఒకసారి పరామర్శించేవాడు. ఆ తర్వాత తీర్పు.

"బ్యాటరీకి, డైనమోకు మాటల్లేవు."

"అంటే ఏందన్నా?" అని లారీ డ్రైవరు బిక్కమొహం వేసేవాడు.

"అలిగినయి. జర ఆగు, కలుపుత."

నిజంగానే కలిపేవాడు. ఒక వైరు గీకి, ఒక స్క్రూ బిగించి, టేపు చుడితే బండి బుర్రుమనేది. ఆయన షెడ్డు కిటకిటలాడుతుంటే నా దుకాణంలో నేను ఈగలు తోలుకునేవాణ్ణి. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"ధర్మన్నా, ఎప్పుడన్న ఒక్కసారి కొత్త డైనమో ఎయ్యమని చెప్పరాదా? నేనూ బతకాలె గద."

"ఊకో దేవదాసూ! మాటల్లేవని మొగుణ్ణి మారుస్తరా ఎవరన్న?"

ఇంట్లో కూడా ఇదే వరస. భార్య నీలక్క అలిగి రెండు రోజులు నోరు విప్పకపోతే, ఈ మహానుభావుడు టెస్టు లైటు పట్టుకుని స్విచ్ బోర్డు విప్పాడట. "ఇంట్ల లైను యాడనో కట్టయిందే" అన్నాడట. "కట్టయింది లైను గాదు, నేను! ఉప్పు తెమ్మంటే ఫ్యూజులు తెచ్చినవ్" అని ఆమె అరిచింది. ఆ అరుపు నా దుకాణంలోకి వినిపించింది. "సూసినవా, లైను కలిసింది" అన్నాడు ధర్మా సంతోషంగా.

తొంభై తొమ్మిదిలో అనుకుంటాను, ఒక పొద్దున రైసుమిల్లు లక్ష్మీనారాయణ సేటు కారును హమాలీలు తోసుకొచ్చారు. ఊళ్లోకి అప్పుడప్పుడే దిగిన కంప్యూటర్ బండి; లోపలి డబ్బా తాళంచెవిని గుర్తుపడితేనే స్టార్టయ్యే రకం. ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. మీటర్ల పక్కన ఎర్ర లైటు ఒకటి కన్నుకొడుతుంది. వెనక సీట్లో సేటు కూతురు కన్యక పట్టుచీరలో మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ సాయంత్రం కోదాడలో ఆ పిల్లకు తాంబూలాలు.

"చిన్నాయన లేకుండ నాకెందుకు తాంబూలాలు? మంచిగైంది, బండి ఆగింది" అంది కన్యక.

చిన్నాయన అంటే సేటు తమ్ముడు ఓంప్రకాష్. మిల్లు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని మొదలైన గొడవ ఆయన్ను సూర్యాపేట దాకా తోలింది. ఏడాదిగా అన్నదమ్ములకు మాటల్లేవు. కలిసి కొన్న కారు అన్న దగ్గర మిగిలితే, రెండో తాళంచెవి తమ్ముడి జేబులో మిగిలింది.

ధర్మా స్టీరింగు కింద దూరాడు. మిల్లులో తౌడు తిని బలిసిన ఎలుక ఒకటి అక్కడి వైరును కూడా రుచి చూసినట్టుంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆయన వైరు అతికించి, చెవి కొద్దిగా తిప్పాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఒక ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు! నేను నోరు తెరవబోతే కాలు తొక్కాడు.

"సేట్, నీ సెవికి, కంప్యూటర్ డబ్బాకు మాటల్లేవు."

"చెవికి మాటలేందిరా?"

"తాళంసెవి అన్నరా, తాళంనోరు అన్నరా? డబ్బా పిలుస్తాంది, సెవి ఇంటలేదు. రెండో సెవి రావాలె."

సేటు మొహం తిప్పుకున్నాడు. ధర్మా తిన్నగా నా దుకాణంలోకి వచ్చి సూర్యాపేటకు ఫోను కలిపాడు. చెవిని బస్సు డ్రైవరుకిచ్చి పంపుతానన్నాడట ఓంప్రకాష్.

"ఉత్త సెవి వస్తె పనిగాదు సేట్. అలవాటైన చెయ్యి గూడ రావాలె!" అని ఫోను పెట్టేశాడు ధర్మా.

మధ్యాహ్నానికల్లా ఓంప్రకాష్ బస్సు దిగాడు. "చిన్నాయనా!" అని కన్యక కారులోంచి ఒక్క దూకు దూకింది. అన్నదమ్ములు మాత్రం చెరో దిక్కు చూస్తూ నిలబడ్డారు.

"ధర్మా, ఆయన్ను చెవి ఇయ్యమను" అన్నాడు అన్న.

"ధర్మా, ఆయన్నే అడగమను" అన్నాడు తమ్ముడు.

"నేనేమన్న నడుమ వైరునా?" ధర్మాకు కోపం వచ్చింది. "కనెక్షన్ డైరెక్ట్ ఉంటెనే బండి నడుస్తది. అడుగు సేట్, యాళ్లయితాంది."

సేటు గొంతు సవరించుకున్నాడు. కూతురి వైపు చూశాడు.

"తమ్మీ... చెవి తే."

ఓంప్రకాష్ జేబులోంచి చెవి తీశాడు. ఏడాదిగా వాడని చెవి, జేబులో తిరిగి తిరిగి తళతళలాడుతోంది. ధర్మా ఆఖరుసారి చూస్తానంటూ స్టీరింగు కింద దూరి ఫ్యూజు పెట్టేశాడు. ఓంప్రకాష్ చెవి తిప్పగానే బండి అందుకుంది.

"దారిల ఆగితే మల్ల గీ సెవే కావాలె, గీ చెయ్యే కావాలె. చిన్నసేట్, నువ్వు గూడ ఎక్కు" అన్నాడు ధర్మా డాక్టరు మందు రాసినంత గంభీరంగా. కన్యక అప్పటికే చిన్నాయన చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టింది. ఆ కారు కోదాడ వైపు పోతుంటే నాకు చెప్పలేనంత ఆనందమైంది.

కొన్నాళ్లకు లక్ష్మీనారాయణ సేటు నా దుకాణానికి వచ్చి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"దేవదాసూ, ఎవరికీ చెప్పకు. నా చెవి మంచిగనే ఉన్నది. ఆనాడు హుజూర్‌నగర్‌ల చాయ్‌కి అందరు దిగినప్పుడు నేనొక్కన్నే తిప్పి చూసిన. ఒక్కసారికే అందుకున్నది."

"మరి ఏం చేసినవ్ సేట్?"

"ఇంజను బంద్ చేసి చెవి జేబుల ఏసుకున్న. 'తమ్మీ, నీ చెవి తే' అని అడిగిన."

"చెప్పొచ్చు గద?"

"చెప్తే వాడు ఆడనే దిగి బస్సెక్కి పోడా? ఇప్పుడు ఏ ఊరికి పోవాలన్నా వాణ్ణి పిలవాల్సి వస్తాంది" అని ముసిముసిగా నవ్వి, పక్క షెడ్డుకు వినపడేలా గొంతు పెంచాడు.

"ధర్మా! నా చెవికి ఇంకా ఇనపడ్తలేదురా!"

ధర్మా బానెట్ లోంచి తల ఎత్తలేదు.

"దానికి జర టైం పడ్తది సేట్. అప్పటిదాంక తమ్మునిదే వాడుకో."