సత్తమ్మ ఎడమ మడమ

సత్తమ్మ పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్లు ముందు బయటికొచ్చాయి. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. నాచారం బిస్కెట్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లు ప్యాకింగ్ చేసిన రోజుల్లోనూ, భోజనాల వేళ ఎవరో ఒకరు ఆమె ముందు బోర్లా పడుకునేవారు.

ఇప్పుడు చిల్కానగర్‌లో మా పక్క పోర్షన్‌లో ఉంటోంది. మోకాళ్లు అరిగిపోయాయి.

“ఈ ఆదివారమే ఆఖరు బిడ్డా. ఇగ కాలు లేస్తలేదు. నా ఎనక ఎవరున్నరు? మా ఇంట్ల అందరు తలతోనే పుట్టిన్రు,” అంది.

నేను పనిచేసే జానపద వైద్య ఆర్కైవ్‌లో ఆమె వీడియో ఒక్కటైనా ఉండాలని నా తాపత్రయం. చివర్లో రోగి కెమెరాకేసి చూసి పేరు, ఫలితం చెప్పాలన్నది ఆర్కైవ్ నిబంధన. తొక్కించుకున్నవాడు లేచి, వెనక్కి చూడకుండా గల్లీ దాటాలన్నది సత్తమ్మ నిబంధన. చూస్తే నొప్పి తిరిగొస్తుంది. ఈ సంగతి మా సారుకు చెప్పబోయాను.

“ముఖం లేకపోతే సాక్ష్యం ఏముందమ్మా?” అన్నారాయన. “సరే సార్” అని కెమెరా సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున ఆటో నడిపే మొగిలయ్య వచ్చి ఆమె గడప ముందు పడుకున్నాడు. “సత్తక్కా, జర మెల్లగ. బిస్కెట్ ప్యాకెట్‌ను గాదు నేను.”

“సప్పుడు జేయక పండు,” అని ఆమె గోడ పట్టుకుని ఎడమ మడమతో మూడుసార్లు నొక్కింది.

అతను లేచాడు. నిటారుగా నడిచాడు. గల్లీ మలుపు ఇంకా పది అడుగులుంది.

“అన్నా, ఒక్కసారి ఇటు చూడండి.” ఎన్నడూ పెగలని నా గొంతు అప్పుడే పెగిలింది.

మొగిలయ్య తిరిగి చూశాడు. చూసి, నడుము పట్టుకున్నాడు.

“పాయె,” అంది సత్తమ్మ. మళ్లీ పడుకోబెట్టింది. ఆమె కాలు జానెడు కూడా లేవలేదు.

సాయంత్రం అడిగింది. “నా ముచ్చట కంప్యూటర్ల పడ్డదా? ఆయన ఎనక్కి సూసింది మాత్రం తీసెయ్ బిడ్డా. గది నా వైద్యం గాదు.”

తీసేసి పంపాను. రోగి ముఖం లేదని మర్నాడే తిప్పి పంపారు. మొత్తం వీడియో పంపితే తీసుకుంటారట, ‘ఫలితం: లేదు’ అని రాసి.

మూడు రోజులుగా ఆమె కంటపడకుండా వెనక గేటు నుంచి వెళ్తున్నాను. ఆమె గడపలోనే కూర్చుని ఉంటోంది.