కంటికి ఆనే ఒక్క చేప

నా భార్య పడకగదిలో ఏసీ ఇరవై రెండు డిగ్రీల మీద రోజంతా నడుస్తుంది. ఆమెది నరాల వ్యాధి. ఒంటికి వేడి తగిలితే చూపు మరింత మసకబారుతుందని వైద్యులు చెప్పారు. సూరత్‌లో వేడి తగలకుండా బతకడమంటే ఒక్క గదిలో బతకడమే. హజీరాలో ఇంజనీరుగా పనిచేసే మా అమ్మాయి ఒక ఆదివారం ఆ గదిలో మూడడుగుల గాజుతొట్టె అమర్చి, ఆరు ప్లాటీలను, పది జీబ్రా చేపలను వేసింది. అమ్మకు కాలక్షేపం అంది.

చేపల మీద నాకు ఆసక్తి లేదు. నీటి మీద ఉంది. ముప్పై నాలుగేళ్ళు రైల్వే ప్రయోగశాలలో నీటిని పరీక్షించినవాడిని. ఇంజన్లను చల్లబరిచే నీటిలో కాఠిన్యం ఎంత ఉందో కొలవడం, ఎక్కువైతే తగ్గించడం, హద్దులోకి వచ్చిన తరువాతే సంతకం పెట్టడం నా ఉద్యోగం. హద్దు దాటిన నమూనా మీద ఎవరు బతిమాలినా సంతకం పెట్టలేదు. మా సొసైటీ బోరు నీరు ఎంత కఠినమైనదో బకెట్ల అంచున పేరుకునే తెల్లని పెచ్చును చూసి ఎవరైనా చెప్పగలరు. నేను అంకెతో సహా చెప్పగలను.

ఒక ఉదయం ఆమె అంది: "ఏమండీ, ఈ చిన్న చేపలు నాకు ఆనడం మానేశాయి. తొట్టెలో వెలుతురు ఒక్కటే తెలుస్తోంది. ఒక్క పెద్ద చేపను తెచ్చిపెట్టండి. పొద్దున్నే లేచి అదుగో అనుకోవడానికి ఒక్కటి చాలు."

"ఎంత పొడవుండాలి?"

"అదీ నేనే చెప్పాలా? కొలతలు మీ శాఖ కదా."

ఆ కోరికను నేను దరఖాస్తులా స్వీకరించాను. కాగితం మీద నిబంధనలు రాశాను. చల్లని నీటిలో బతకాలి. కఠినమైన నీటిని ఓర్చుకోవాలి. ఉన్న పదహారింటినీ మింగకూడదు. అరచేతి కంటె చిన్నది కాకూడదు. ఆ కాగితం పట్టుకుని ఊళ్ళోనే గోడాదరా పేటలోని చేపల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారుడు తెలంగాణ మనిషి. ఇరవై ఏళ్ళు మరమగ్గాలు నడిపి, చెవులు మొద్దుబారిన తరువాత చప్పుడు లేని వ్యాపారం వెతుక్కున్నాడు.

కాగితం చదివి అతను నవ్వాడు. "ఏంది సారూ, చేపకు గిన్ని కండిషన్లా? పిల్లకు సంబంధం జూస్తున్నరా?"

"గోల్డ్‌ఫిష్ సరిపోతుందా?"

"ఠండా పానీల మస్తుంటది. జర పెద్దగైనంక మీ జీబ్రాలను పకోడీల లెక్క తింటది."

అప్పుడు పక్క తొట్టెలో ఒక చేప నా కంటబడింది. పలుచగా, నిటారుగా, వెండి ఒంటి మీద నల్లని పట్టీలతో, రెక్కలతో కలిపి అచ్చంగా అరచెయ్యంత ఉంది. నలుపూ తెలుపూ అయితే మసక కంటికి కూడా ఆనుతుందని నాకు తోచింది.

"అది ఏంజెల్. మీ ఇంటికి వద్దు," అన్నాడతను. "దానికి గరం నీళ్లు గావాలె, మెత్తటి నీళ్లు గావాలె. గీ స్వార్డ్‌టెయిల్ కొండవోండ్రి. బోరు నీళ్లంటే దీనికి పానం. సలికి భయపడది."

అతను చూపినది ఎర్రని మగ చేప. నాలుగు వేళ్ళ పొడవు, అందులోనూ కత్తిలాంటి తోక కొన చాలా భాగం. నాలుగో నిబంధనకు అది నిలవదు.

"నీటి సంగతి నాకు వదిలెయ్యి. మెత్తబరుస్తాను. జీవితమంతా నేను చేసిన పని అదే."

"మరి సలికి? హీటర్ పెడ్తరా?"

"చల్లబరిచిన గదిలో నీళ్ళు కాచడమేమిటి? అలవాటు పడుతుంది."

అతను కొట్టులో ఉన్న ఇంకొకతని వైపు తిరిగి, "సార్ చేపకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరిస్తుండు," అన్నాడు.

నాలుగు రోజులు, రోజుకు ఇన్ని లీటర్లని లెక్కకట్టి, తొట్టెలోని బోరు నీరు తీసి వంటింటి ఆర్‌ఓ నీరు పోశాను. కాఠిన్యం నాలుగో వంతుకు దిగింది. అంత చక్కని ఫలితం ప్రయోగశాలలో కూడా అరుదు. అయిదో రోజు ఏంజెల్‌ను తెచ్చి వదిలాను.

ఆరో రోజు ప్లాటీలు రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటనే అటూ ఇటూ ఊగసాగాయి. కఠినమైన నీరే వాటి ఆరోగ్యమని అప్పుడు చదివాను. ముందే చదవవలసింది. బోరు నీరు ఒక్కసారిగా పోస్తే ఆ మార్పే చంపుతుందట; కొంచెం కొంచెంగా పోస్తే ఆలస్యమవుతుందట. చేతిలో మగ్గు పట్టుకుని తొట్టె ముందు నిలబడ్డాను. ఆరింటిలో అయిదు పోయాయి. ఏంజెల్ ఒక మూల అడుగున చేరి, చలికి కదలకుండా ఉండిపోయింది.

"వచ్చిందన్నారు, ఏదీ?" అంది ఆమె.

"ఎడమ మూల. అడుగున."

చాలాసేపు చూసింది. "కదలదేమండీ? కదిలితేనే కదా నాకు తెలిసేది."

"ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు పొడవెంత అని అడిగారు. నాకెట్లా కనిపిస్తుందని అడగలేదు."

ఏంజెల్‌ను సంచిలో వేసుకుని మళ్ళీ గోడాదరా వెళ్ళాను. దుకాణదారుడు దాన్ని వెచ్చని నీటిలోకి వదిలి, నా మాటలు పూర్తిగా విని, "మగ్గాన్ని జూసి దారం పెడ్తం సారూ. దారం కోసమని మగ్గం పీకుతమా?" అన్నాడు. ఎర్ర చేపను సంచిలో కట్టిస్తూ అతను గొంతు తగ్గించాడు. "ఒక్కటే పెట్టుండ్రి. రెండు మగవయితే కొట్లాడ్తయ్. అమ్మకు మంచిగ కనవడ్తది, దినమంతా తిరుగుతనే ఉంటది."

అప్పటికి తొట్టె నీరు మెల్లగా బోరు నీటికి తిరిగి వస్తోంది. వెనుక గాజుకు తెల్లకాగితం అంటించాను. స్వార్డ్‌టెయిల్ ఈ కొస నుంచి ఆ కొసకు పహరా మొదలుపెట్టింది. మరునాటి ఉదయం ఆమె దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తి, "అదుగో, ఎర్రగా పోయింది. కుడివైపుకు," అంది. నిజంగానే కుడివైపుకు పోయింది.

అప్పటినుంచి రోజూ ఏడు గంటలకు అడగడం అలవాటు చేసుకున్నాను. ఏ వైపు? ఆమె చెప్పేది. నేను నోటు పుస్తకంలో సరి అని రాసేవాడిని. "పరీక్షలు పెట్టకపోతే మీకు కాఫీ దిగదు," అని ఎత్తిపొడిచేది. వర్షాకాలమంతా సరి, సరి అనే రాశాను. తరువాత జవాబులు ఆలస్యం కాసాగాయి. నా ప్రయోగశాలలో ఆ ఆలస్యానికి మందు లేదు.

మొన్నటి ఉదయం, "కుడివైపు," అంది.

చేప ఎడమవైపు, తొట్టెలోని మొక్క పక్కన ఉంది. నేను గొంతు సవరించుకుని, "సరి," అన్నాను.

"తప్పు మాట చెప్పే ముందు మీరు గొంతు సవరించుకుంటారు. పెళ్ళయినప్పటినుంచీ అంతే. ఏ వైపుందో చెప్పండి."

"ఎడమవైపు. మొక్క దగ్గర."

"ఏం చేస్తోంది?"

ఏం చేస్తోందో చెప్పడం నా ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. పుస్తకం మూసి, మంచం అంచున కూర్చున్నాను. "ఆకును ఒకసారి పొడిచింది. వదిలేసింది. ఇటు తిరిగింది."

"ఊఁ," అంది ఆమె, తొట్టె వైపే చూస్తూ. "తరువాత?"